ఆటస్థలము నుండి సెనేటుకు

రేడియోలో ప్రసంగించుట వినువారికి మిక్కిలి సులభమైన పనిగా తోచును. ఎదుట జనసమూహము లేదు, చప్పట్లు లేవు, ఈలలు లేవు. చిన్నగదిలో ఒక బల్ల, ఆ బల్లపై ఒక మైక్రోఫోను, అంతియే. అయినను ఎంతటి ధీరులకైనను ఆ మైక్రోఫోను ఎదుట ఒక్కొక్కప్పుడు నోరు తడియారుట కద్దు. ఆస్ట్రేలియా రాజధానియైన కాన్‌బెర్రా నగరములో 2001వ సంవత్సరమున జరిగిన సంగతి యొకటి ఇందుకు నిదర్శనము.

మాల్ మెనింగా అనునతడు రగ్బీ లీగు ఆటలో ఆ దేశమంతటను పేరు మ్రోగిన వీరుడు. కాన్‌బెర్రా జట్టునకు నాయకుడై 1989, 1990, 1994 సంవత్సరములలో మూడు మారులు విజయము చేకూర్చినవాడు. దేశపు జట్టునకు సైతము నాయకత్వము వహించినవాడు. అట్టివాడు 2001లో ఆ రాజధాని ప్రాంతపు శాసనసభకు స్వతంత్ర అభ్యర్థిగా నిలువ నిశ్చయించి, ఆ సంగతి ముచ్చటించుటకు రేడియోలో మాటలాడెను. ఎందుకు నిలుచుచున్నారని ప్రశ్నింపగా సమాధానము ప్రారంభించెను. రెండు మూడు వాక్యములు సాగునంతలో మాట తడబడెను. నిమిషమైనను నిండకముందే తన వలన కాదనియు, మన్నింపవలసినదనియు, పోటీ నుండి విరమించుకొనుచున్నాననియు చెప్పివేసెను. ఆయన రాజకీయ జీవితము అంతటితో సమాప్తమయ్యెను.

ఈ కథ విని ఆ దేశమున నవ్వనివారు లేరు. నాకు మాత్రము ఆయనపై గౌరవమే కలిగినది. తనకు తెలియని పనిని తెలిసినట్లు నటింపక, వినువారందరి యెదుట ఒప్పుకొనుట సామాన్యమైన ధైర్యము కాదు. కాని నేడు నేను ముఖ్యముగా చెప్పదలచినది మెనింగాను గూర్చి కాదు. 1989లోను 1990లోను ఆయన నాయకత్వమున అదే జట్టులో ఆడిన మరియొక వీరుని గూర్చి. ఆయన పేరు గ్లెన్ లాజరస్. మెనింగా గడప నుండియే వెనుదిరిగిన రంగమున లాజరస్ ప్రవేశించి, దేశపు సెనేటులో దాదాపు రెండేండ్లు కూర్చుండెను. ఆ రెండేండ్లలో ఆయనకు ఎదురైన ప్రశ్న ఆయన ఒక్కనిది కాదు. ఒక జట్టు పేర ఎన్నికైన మనిషికి ఆ జట్టును విడుచు హక్కు కలదా అనునదే ఆ ప్రశ్న. అది ప్రజాప్రభుత్వముగల ప్రతి దేశమునకును సంబంధించినది.

మొదట ఆ ఆట యెట్టిదో తెలిసికొనవలెను. మన చెడుగుడు తెలిసినవారికి అది పూర్తిగా క్రొత్తది కాదు. చెడుగుడులో కూత పెట్టుచు వచ్చినవానిని అవతలి పక్షమువారు పట్టి పడవేయుదురు. రగ్బీ లీగులోను అంతే. అయితే ఇచట వచ్చువాని చేతిలో కోడిగ్రుడ్డు ఆకారముగల బంతి యుండును. ఒక్కొక్క పక్షమున పదుముగ్గురు ఆటగాండ్రు. కాలము ఎనుబది నిమిషములు. బంతి చేతబట్టి ముందునకు పరుగెత్తవచ్చును గాని, చేతితో ముందునకు విసరరాదు. ప్రక్కకో వెనుకకో మాత్రమే అందింపవలెను. ఆరు మారులు పట్టుబడునంతలో ప్రత్యర్థి గీతను దాటి బంతిని నేల నానింపలేకపోయినచో దానిని అవతలివారికి అప్పగింపవలసినదే.

ఈ ఆటలో 'ప్రాప్' అను స్థానమొకటి కలదు. ముందువరుసలో నిలుచు బలశాలి స్థానమది. బంతి తీసికొని ఎదుటివారి గుంపులోనికి తిన్నగా దూసికొనిపోవుట, ముగ్గురో నలుగురో మీదపడి క్రింద పడవేయగా లేచి మరల అదే పని చేయుట, ఇదియే వాని వృత్తి. గీత దాటి పాయింట్లు సంపాదించువాడు సాధారణముగా మరియొకడు. చప్పట్లును వానికే. వానికి పది గజముల దారి చేసి పెట్టినవాడు మాత్రము బురదలో నుండి లేచుచుండును. లాజరస్ ఆడినది ఈ స్థానమున. ఆయన భారీ విగ్రహమును చూచి జనులు 'కన్నులుగల ఇటుక' యని ముద్దుపేరు పెట్టిరి.

ఈ ఆట పుట్టుకయే కూలిడబ్బుల తగవులో నున్నది. ఇంగ్లాండు ఉత్తరభాగమున రగ్బీ ఆడువారిలో బొగ్గుగనులలోను నూలుమిల్లులలోను పనిచేయువారు హెచ్చు. శనివారమునాడు ఆటకు పోయినచో ఆ పూట కూలి పోవును. ఆ నష్టమును పూడ్చవలెనని ఉత్తరాది క్లబ్బులవారు కోరిరి. ఆటకు డబ్బు పుచ్చుకొనుట మర్యాద కాదని లండనులోని పెద్దలు నిరాకరించిరి. అందుపై 1895 ఆగస్టు 29వ తేదీన హడర్స్‌ఫీల్డు పట్టణమున జార్జి హోటలులో ఆ క్లబ్బులవారు సమావేశమై వేరుపడిరి. ఆ చీలికయే తరువాత రగ్బీ లీగు అయినది. 1908లో సిడ్నీ నగరమున పోటీలు ప్రారంభమయ్యెను. కావున ఈ ఆట మొదటి నుండియు శ్రామికుల ఆట, వేతనమునకు ఆడు ఆట.

వేతనమునకు ఆడు ఆటగాడు ఒక క్లబ్బు విడిచి వేరొక క్లబ్బులో చేరవచ్చునా? ఈ ప్రశ్న కోర్టువరకు పోయినది. సిడ్నీలోని బాల్మెయిన్ క్లబ్బులో డెన్నిస్ టట్టీ అను ఆటగా డుండెను. ఒప్పందపు గడువు తీరినను క్లబ్బు అనుమతి లేనిదే మరియొక క్లబ్బునకు పోరాదని ఆనాటి నిబంధన. టట్టీ దానిని సహింపక 1969వ సంవత్సరమంతయు ఆట మానుకొని న్యాయస్థానమున వ్యాజ్యము నడపెను. విచిత్రమేమన, బాల్మెయిన్ జట్టు ఆయన లేకయే ఆ యేడు తుదిపోటీ గెలుచుకొనెను. ఆటగానికి అంతకన్న పెద్దనష్టము వేరొకటి కలదా? తుదకు 1971లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పెను. మనిషి క్లబ్బు సొత్తు కాడని తేలెను.

ఆ తీర్పు ఫలము తరువాతి తరమువారు అనుభవించిరి. వారిలో లాజరస్ ఒకడు. ఆయన 1965లో న్యూ సౌత్‌వేల్సు రాష్ట్రమున కాన్‌బెర్రా సరిహద్దులోని క్వీన్‌బియన్ పట్టణమున జన్మించెను. కాన్‌బెర్రా జట్టుతో 1989, 1990 సంవత్సరముల విజయములలో పాలు పంచుకొనెను. పిదప బ్రిస్బేను జట్టులో చేరగా ఆ జట్టు 1992, 1993లలో గెలిచెను. 1998లో మెల్బోర్ను నగరపు క్రొత్తజట్టు పోటీలలో ప్రవేశింపగా దానికి నాయకుడాయెను. మరుసటి యేడే, అనగా 1999 సెప్టెంబరులో, సిడ్నీ మహాక్రీడాంగణమున 1,07,999 మంది ప్రేక్షకుల యెదుట తుదిపోటీ జరిగెను. సగము ఆట ముగియుసరికి మెల్బోర్ను జట్టు 14 పాయింట్లు వెనుకబడి యుండెను. ఒక్క పాయింటైనను సంపాదింపలేదు. అట్టి స్థితి నుండి తేరుకొని 20-18 తేడాతో గెలిచెను. మూడు వేరువేరు జట్టులతో తుదిపోటీ గెలిచిన అపురూపమైన కీర్తితో లాజరస్ ఆ యేడే ఆట చాలించెను. మూడు క్లబ్బులు మారినందుకు ఆయనను ద్రోహి యని ఎవరును అనలేదు. ఆడినంతకాలము మనసారా ఆడెను. ఒప్పందము తీరిన పిదప వేరొక చోటికి పోయెను. అంతియే.

ఇక రాజకీయము. 2013లో క్లైవ్ పామర్ అను గనుల యజమాని తన పేరనే 'పామర్ యునైటెడ్ పార్టీ' యను పక్షము స్థాపించి ఎన్నికలలో దిగెను. క్వీన్స్‌లాండు రాష్ట్రమున సెనేటు అభ్యర్థుల పట్టికలో మొదటి పేరు గ్లెన్ లాజరస్‌ది. ఇందొక వేడుక గలదు. క్వీన్స్‌లాండు, న్యూ సౌత్‌వేల్సు రాష్ట్రముల నడుమ ఏటేట జరుగు రగ్బీ లీగు పోటీ ఆ దేశమున పండుగ వంటిది, యుద్ధము వంటిది. ఆ పోటీలలో లాజరస్ న్యూ సౌత్‌వేల్సు నీలిచొక్కా తొడిగి క్వీన్స్‌లాండుపై ఆడినవాడు. ఆనాడు ఎవరిని ఢీకొట్టెనో ఆ రాష్ట్రమువారే ఆయనను సెనేటుకు పంపిరి. బ్రిస్బేను జట్టులో ఆయన గడపిన సంవత్సరములు వారికి అంత ప్రీతిపాత్రములైనవి కాబోలు.

ఆస్ట్రేలియా సెనేటు మన రాజ్యసభ వలె పైసభ. కాని మన పద్ధతి వేరు, వారి పద్ధతి వేరు. అచట సెనేటర్లను ప్రజలే సూటిగా ఎన్నుకొందురు. ఒక్కొక్క రాష్ట్రమునకు పండ్రెండుగురు, రెండు ప్రాంతములకు ఇద్దరిద్దరు, మొత్తము 76 మంది. సాధారణముగా మూడేండ్లకొకమారు సగముమంది ఎన్నికగుదురు. 2013 ఎన్నికనాటి పద్ధతి ప్రకారము వోటరు ఒక్కొక్క అభ్యర్థికి వరుససంఖ్య వేయుటకో, లేదా పక్షము పేరు గల గడిలో '1' వేసి ఊరకుండుటకో వీలుండెను. అత్యధిక సంఖ్యాకులు రెండవ పద్ధతినే అనుసరించిరి. క్వీన్స్‌లాండులో నూటికి దాదాపు పదిమంది ఆ గడిలో పామర్ పక్షమునకు వోటు వేసిరి. ఒక స్థానమునకు వలసిన వోట్లు నూటికి పదునాలుగుకు మించి కావలెను. తక్కిన పక్షముల మిగులు వోట్లు బదిలీయై వచ్చి చేరగా లాజరస్ గెలుపొందెను. ఈ వివరము మరచిపోరాదు. తరువాత వచ్చిన చిక్కుకంతకు మూలము ఇందే యున్నది.

2014 జూలై 1వ తేదీన క్రొత్త సెనేటు కొలువుదీరెను. ప్రభుత్వ పక్షమునకు 33 మంది, ప్రధాన ప్రతిపక్షమైన లేబరు పార్టీకి 25 మంది, గ్రీన్సు పార్టీకి పదుగురు. తక్కిన ఎనమండుగురు చిన్నపక్షములవారు, స్వతంత్రులు. ఆ ఎనమండుగురిలో పామర్ పక్షమువారు ముగ్గురు. వారికి సెనేటులో నాయకుడు లాజరస్. బిల్లు నెగ్గుటకు 39 వోట్లు కావలెను. లేబరు, గ్రీన్సు పార్టీలవారు కలిసి 35 మంది ఎదిరించిరనుకొందము. వారితో ఈ ముగ్గురు చేరినచో 38 అగును. వోట్లు చెరిసగమైనచో ఆ సెనేటులో బిల్లు వీగిపోవును. అధ్యక్షునకు ప్రత్యేకముగా నిర్ణాయక వోటు లేదు. అనగా ప్రభుత్వపు బిల్లుల తాళపుచెవి ముగ్గురు మనుషుల గుప్పిటిలో నుండెనన్నమాట. బొగ్గుపులుసు వాయువుపై విధించిన పన్ను రద్దు బిల్లు జూలై 10వ తేదీన వారు కాదనగా ఓడిపోయెను. కోరిన సవరణలు చేర్చిన మీదట జూలై 17వ తేదీన 39-32 వోట్లతో నెగ్గెను. పక్షములోని ముగ్గురును కలిసి కదలినపుడు వారి బలమెంతటిదో దీనివలన తెలియును.

ఆ కలయిక నిలువలేదు. 2014 నవంబరులో ఆ ముగ్గురిలో ఒకరైన జాకీ లాంబీ పక్షమును విడిచెను. 2015 మార్చి 13వ తేదీన సాక్షాత్తు సెనేటు నాయకుడైన లాజరసే రాజీనామా ఇచ్చి స్వతంత్రుడయ్యెను. అందుకు ఆయన చెప్పిన కారణము గమనింపదగినది. జట్టుగా కలిసి పనిచేయుట అనగా నేమో ఆ విషయమున తన అభిప్రాయము వేరని ఆయన ప్రకటించెను. పదుమూడేండ్లు మూడు జట్టులలో బురదలో దొర్లినవాడు ఈ మాట అనినపుడు దానిని తేలికగా త్రోసివేయరాదు.

అయినను ఎదుటి వాదమును వినవలెను. వోటరు '1' వేసినది పక్షపు గడిలో. ఆ వోట్లకు చేసిన ఖర్చు పక్షముది. ప్రచారము పక్షముది. ఆటలోనైనచో గడువు తీరినపిదప గదా క్లబ్బు మారునది, ఆట మధ్యలో చొక్కా విప్పునా? ఆరేండ్ల పదవిలో తొమ్మిది నెలలైనను నిండకముందే పక్షము విడిచి, పదవిని మాత్రము ఉంచుకొనుట న్యాయమా? ఇట్లు అడిగినవారి ప్రశ్నలో బలము లేకపోలేదు. మన దేశమున 1985లో జరిగిన 52వ రాజ్యాంగ సవరణ ఈ ప్రశ్నకే సమాధానము. దాని ప్రకారము తనకు తానుగా పక్షము విడిచిన సభ్యుడు సభ్యత్వమును కోల్పోవును. పక్షపు ఆదేశమునకు విరుద్ధముగా వోటు వేసినవానికిని అదియే గతి పట్టవచ్చును. ఆస్ట్రేలియాలో అట్టి నిషేధము లేదు. విడిచినవాడు విడిచినట్లే కూర్చుండవచ్చును.

ఏది మేలు? తొందరపడి చెప్పుటకు వీలులేదు. ఆ మార్చి నెలలోనే జరిగిన మరియొక ఘట్టమును చూడవలెను. విశ్వవిద్యాలయములు తమ ఇచ్చవచ్చినట్లు రుసుము నిర్ణయించుకొనుటకు వీలు కల్పించు బిల్లును ప్రభుత్వము 2014లో తెచ్చెను. పేదకుటుంబముల పిల్లలకు చదువు అందనిదగునని అనేకులు భయపడిరి. లాజరస్ దానిని ఎదిరించెను. వోటు కొరకు విద్యామంత్రి తనకు టెలిఫోనులో సందేశము వెంట సందేశము పంపుచు వేడుకొనుచున్నాడని ఆయన బాహాటముగానే చెప్పెను. 2014 డిసెంబరులో ఆ బిల్లు 33-31 వోట్లతో ఓడెను. ప్రభుత్వము దానిని సవరించి మరల తెచ్చెను. లాజరస్ పక్షము విడిచిన నాలుగవ నాడు, అనగా 2015 మార్చి 17వ తేదీన, అది మరల వోటుకు వచ్చెను. ఆయనకు వెనుక పార్టీ లేదు, ముందు మంత్రుల ఆశలు, ఒత్తిడులు. ఒంటరిగా నున్న సభ్యుని లోబరచుకొనుట సులభమని తలచుట సహజము. కాని ఆయన వోటు మారలేదు. 34-30 తేడాతో బిల్లు మరల వీగిపోయెను. పక్షమున నున్నపుడు ఏ మాట చెప్పెనో, విడిచిన పిదపను ఆ మాటపైననే నిలిచెను.

పక్షము మారుట వేరు, మాట మారుట వేరు. పదవికో ధనమునకో ఆశపడి ప్రభుత్వపు బెంచీలవైపు దూకినవానికిని, దేనికిని ఆశింపక ఎడముగా కూర్చున్నవానికిని భేదము కలదు. మన చట్టము ఈ రెండింటిని ఒకే త్రాసులో తూచుచున్నది. అందువలన సభ్యుల అమ్మకమునకు కొంత అడ్డుకట్ట పడినది నిజమే. కాని అంతరాత్మ ప్రబోధముతో వోటు వేయు స్వేచ్ఛ అంతమేరకు తగ్గినది కూడ నిజమే. ఆస్ట్రేలియావారి పద్ధతిలో ఆ స్వేచ్ఛ కలదు. దానికి ప్రతిగా వోటరు తాను గడిలో వేసిన గుర్తు ఎటు పోయెనో తెలియక కొన్నాళ్లు చూచుచుండవలెను. రెండింటను నష్టము కలదు. ఏ నష్టము భరింపదగినదో ఆయా దేశములవారు నిశ్చయించుకొనవలసినదే.

స్వతంత్రుడైన పిదప లాజరస్ చేసిన మరియొక పని భూగర్భవాయువులకు సంబంధించినది. క్వీన్స్‌లాండులో బొగ్గుపొరలలోని వాయువును తీయుటకు కంపెనీలు వ్యవసాయ భూములలో బావులు త్రవ్వుచుండ, తమ నీటికిని నేలకును కీడు వాటిల్లునని రైతులు మొరపెట్టుకొనుచుండిరి. 2015 చివర ఈ విషయమున విచారణ జరుపుటకు సెనేటు ప్రత్యేక సంఘమును నియమింపగా లాజరస్ దానికి అధ్యక్షుడయ్యెను. సాక్ష్యములు వినుట, కాగితములు చదువుట, ఇందు చప్పట్లేమియు లేవు. ముందువరుస ఆటగాని పనివంటిదే ఇదియు.

ఆ విచారణ పూర్తి కాలేదు. ప్రభుత్వపు బిల్లులను కొన్నింటిని సెనేటు మరల మరల త్రోసిపుచ్చుటచే 2016 మే 9వ తేదీన ఉభయసభలును రద్దయ్యెను. 2020 వరకు సాగవలసిన లాజరస్ పదవి రెండేండ్లకు ముందే ముగిసెను. జూలై 2వ తేదీన జరిగిన ఎన్నికలో ఆయన తన పేరనే స్థాపించిన చిన్నపక్షము తరఫున నిలిచెను. ఈ మారు సెనేటంతయు ఒకేసారి ఎన్నిక కావుటచే ఒక స్థానమునకు నూటికి ఎనిమిది వోట్లకన్న తక్కువయే చాలును. అయినను ఆయనకు నూటికి రెండు వోట్లైనను రాలేదు. 1,07,999 మంది యెదుట గెలుపుకప్పు ఎత్తినవానిని వోటర్లు మౌనముగా ఇంటికి పంపిరి.

దీనినిబట్టి ఆటగాండ్రు రాజకీయములకు పనికిరారని తలచుట పొరపాటు. ఇదే ఆటలో 1960 మొదలు సెయింట్ జార్జి జట్టున పేరుపొందిన కెవిన్ రయాన్ న్యాయవాదియై, 1976 నుండి 1984 వరకు న్యూ సౌత్‌వేల్సు శాసనసభలో హర్స్ట్‌విల్ నియోజకవర్గమునకు ప్రతినిధిగా నుండెను. శాసనములు చేయువారికి శాసనజ్ఞానము ముందుగా నుండుట మేలు గదా. లాజరస్ అట్టి శిక్షణ లేకయే ప్రవేశించెను. నేర్చుకొనుచుండగనే కాలము ముగిసెను. కీర్తి ఆయనకు లోపలికి ప్రవేశము కల్పించెను గాని, ఆ స్థానమును నిలువబెట్టలేకపోయెను.

పక్షమును విడుచుటలో ఆయన న్యాయము చేసెనా, అన్యాయము చేసెనా? నా మట్టుకు నాకు ఆయన విద్యాబిల్లుపై వేసిన వోటు గౌరవింపదగినదిగా తోచును. ఆ వోటు వేయుటకు ఆ కుర్చీ ఆయనకు మిగిలియుండుట మంచిదే యయ్యెను. కాని ఆ కుర్చీ ఎవరిదను ప్రశ్నకు సమాధానము చెప్పవలసినవారు క్వీన్స్‌లాండు వోటర్లు. వారు 2016లో చెప్పిరి.

మన వద్దను క్రీడాకారులు వోట్లు కోరుచు ఇంటింటికి వచ్చుట నేడు అపరూపము కాదు. హైదరాబాదు క్రికెట్ వీరుడు మహమ్మద్ అజారుద్దీన్ 2009లో మొరాదాబాదు నుండి లోకసభకు ఎన్నికయ్యెను. అట్టివారు వచ్చినపుడు వారి పాతఆటలు తలచుకొని సంతోషించుటలో తప్పులేదు. వారితో చేయి కలుపుటలోను తప్పులేదు. ఆ చేయి వదలకముందే ఒక్క ప్రశ్న అడుగుట మంచిది. అయ్యా, మీ జట్టు తప్పుదారి పట్టిననాడు మీరేమి చేయుదురు? మెనింగావలె తడబడి తెలియదని చెప్పినను సరే, అదియు ఒక నిజాయితీగల సమాధానమే. ఆలోచించి చెప్పినచో మరియు మంచిది. ఆ సమాధానము విని, ఇంటికి వచ్చి, అప్పుడు వోటు ఎవరికో నిశ్చయించుకొందము.